సాంఖ్యకశాస్త్ర బోధనలో వ్యంగ్యచిత్రం: హఫ్, మన్రోల హాస్యం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సాంఖ్యకశాస్త్రాన్ని నవ్విస్తూ బోధించిన రచనలలో డారెల్ హఫ్ ‘హౌ టు లై విత్ స్టాటిస్టిక్స్’ (1954) సుప్రసిద్ధం. అందులోని హాస్యాన్ని రాండల్ మన్రో కార్టూన్ ‘సిగ్నిఫికెంట్’ (2011)తో పోల్చి, బోధనాసాధనంగా హాస్యానికి గల శక్తిని, పరిమితిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సాంఖ్యకశాస్త్రం, హాస్యం, వ్యంగ్యచిత్రం, సహసంబంధం, కాకతాళీయం.

1. ఉపోద్ఘాతం:
అంకెలంటే భయపడే విద్యార్థిని పాఠం దగ్గరకు తేవడానికి కార్టూన్ తోడ్పడుతుందన్నది బోధనారంగంలో తరచు వినిపించే మాట. లారీ గోనిక్, వూల్‌కాట్ స్మిత్ 1993లో ఒక పాఠ్యగ్రంథాన్నే కార్టూన్ల రూపంలో వెలువరించారు. అయితే భయం పోయిందా అన్న ప్రశ్న దగ్గరే విమర్శ ఆగరాదు. నవ్విన విద్యార్థికి ఏమి మిగిలిందన్నది అసలు ప్రశ్న.

2. హఫ్ గ్రంథంలో బొమ్మల పాత్ర:
హఫ్ పత్రికా రచయిత, సాంఖ్యకశాస్త్రజ్ఞుడు కాడు. గ్రంథానికి బొమ్మలు వేసినవాడు ఇర్వింగ్ గీస్. ‘సగటు’ను వివరించే బొమ్మలో 25 మంది ఆదాయాలు ఉంటాయి. అగ్రస్థానంలోని ఒక్కడికి 45,000 డాలర్లు. అట్టడుగున ఉన్న 12 మందికి తలా 2,000. అంకమధ్యమం 5,700, మధ్యగతం 3,000, బాహుళకం 2,000. మూడూ నిజమే; ఏది ‘సగటు’గా చెప్పాలన్నది మాత్రం చెప్పేవాడి అవసరాన్ని బట్టి మారుతుంది. మరొక బొమ్మలో రెట్టింపు వేతనాన్ని చూపడానికి డబ్బుసంచిని రెట్టింపు ఎత్తుగా గీస్తారు. వెడల్పూ రెట్టింపు కావడంతో అది కాగితంపై నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది. ఇక్కడ నవ్వూ పాఠమూ వేరు కావు.

3. అనుమానం మాత్రమే మిగిలితే:
సహసంబంధం కారణం కాదని హఫ్ హెచ్చరిస్తాడు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని చెప్పే కాకతాళీయ న్యాయం తెలుగువారికి తెలిసినదే. కానీ అన్ని సంబంధాలూ కాకతాళీయాలు కావు. కారణాన్ని నిర్ధారించే మార్గాన్ని గురించి గ్రంథం చెప్పేది స్వల్పం. అది వెలువడిన 1954లోనే డాల్, హిల్ బ్రిటిష్ వైద్యుల ధూమపానంపై తమ తొలి ఫలితాలను ప్రకటించారు. ధూమపానం చేసేవారిని, చేయనివారిని ముందుకాలంలోకి అనుసరిస్తూ మరణాలను లెక్కించిన పద్ధతి అది.

1965లో హఫ్ అమెరికన్ కాంగ్రెస్ ఎదుట సాక్ష్యమిస్తూ, ధూమపానానికీ వ్యాధికీ గల సంబంధాన్ని కొంగలకూ శిశుజననాలకూ గల సంబంధంతో సమానం చేశాడు. పొగాకు పరిశ్రమ సొమ్ముతో ఈ అంశంపై ఒక గ్రంథానికీ పూనుకున్నాడు. అది అచ్చు కాలేదు. ఈ వైఖరికి తొలి గ్రంథమే కారణమనడం తొందరపాటే అవుతుంది. అయినా అబద్ధాన్ని బయటపెట్టిన చమత్కారమే నిజాన్ని కప్పిపుచ్చడానికీ పనికివచ్చిందన్నది గమనార్హం. అనుమానించడం మాత్రమే నేర్పే హాస్యానికి పక్షం లేదు.

4. మన్రో కార్టూన్ - పద్ధతే హాస్యవస్తువు:
‘సిగ్నిఫికెంట్’లో జెల్లీబీన్ మిఠాయిలకూ మొటిమలకూ సంబంధం లేదని శాస్త్రవేత్తలు తేలుస్తారు. తరువాత ఒక్కొక్క రంగునూ విడిగా పరీక్షిస్తారు. 20 రంగులలో ఆకుపచ్చ ఒక్కటే 0.05 సార్థకతాస్థాయిని దాటుతుంది. చివర అదే పత్రిక పతాకశీర్షిక అవుతుంది. ఏ సంబంధమూ లేకపోయినా, పరస్పర స్వతంత్రమైన 20 పరీక్షలలో కనీసం ఒకటి అలా దాటే సంభావ్యత దాదాపు 64 శాతం. ఒకే తీరు గడుల పునరుక్తి మొదట విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగే చివరి గడిలో నవ్వవుతుంది. పరీక్షల సంఖ్యను దాచడమే దోషమని పాఠకుడు తానే గ్రహిస్తాడు. ఏమి చేసి ఉండవలసిందో కూడా ఊహించగలుగుతాడు.

5. ముగింపు:
హఫ్ బొమ్మల విలువ తగ్గలేదు; సగటును బోధించడానికి అవి నేటికీ ఉపయుక్తమే. కానీ తరగతిగదిలో కార్టూన్ తరువాత మరో ప్రశ్న తప్పనిసరి: ఈ అంకెను నమ్మాలంటే ఇంకేమి కావాలి? కాకతాళీయాన్ని చూసి నవ్వడం సులభం. కాకతాళీయం కానిదాన్ని గుర్తించగలిగినప్పుడే విద్యార్థి సాంఖ్యకశాస్త్రం నేర్చినట్టు.