బేస్‌బాల్ సవ్యసాచులు

రెండు చేతులతోనూ విల్లు ఎక్కుపెట్టగలడు కాబట్టి అర్జునుణ్ని సవ్యసాచి అన్నారు. అమెరికా బేస్‌బాల్‌లో ‘స్విచ్ హిట్టర్’ అంటే ఎవరని అడిగితే నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది. పిచర్ కుడిచేత్తో విసిరేవాడైతే ఎడమచేతి వాటంగా, ఎడమచేతివాడైతే కుడిచేతి వాటంగా నిలబడి కొట్టే ఆటగాడు అతను.

మనకు క్రికెట్‌లో తెలిసిన స్విచ్ హిట్ వేరు. 2008లో న్యూజిలాండ్ మీద కెవిన్ పీటర్సన్, బౌలర్ పరుగెత్తి వస్తుండగానే చేతులు మార్చి సిక్సర్లు కొట్టాడు. అది ఆ క్షణపు తెగువ. బేస్‌బాల్‌లో పిచర్ విసరడానికి సిద్ధమయ్యాక అటు నుంచి ఇటు మారితే బ్యాటర్ అవుటే. ఇక్కడ రెండు వాటాలూ ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకోవాల్సిందే.

దానివల్ల వచ్చే లాభం బంతి వంపులో ఉంది. పిచర్ చెయ్యి విడిచిన బంతి అర సెకను కూడా పట్టకుండా వచ్చేస్తుంది. కుడిచేతి పిచర్ వేసే వంపు బంతి, కుడిచేతి బ్యాటర్‌కు ఒంటి మీదికే వస్తున్నట్టు కనిపించి చివర్లో దూరంగా జారిపోతుంది. అదే బంతి ఎడమచేతి బ్యాటర్‌కు కంటి ముందే తిరిగి, తన వైపే వస్తుంది. ఔట్‌స్వింగ్‌కూ ఇన్‌స్వింగ్‌కూ మధ్య తేడా ఎరిగిన వాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. పైగా ఎడమ వాటంగా నిలబడితే, కొట్టాక పరుగెత్తి చేరాల్సిన మొదటి బేస్ ఒకటి రెండు అడుగులు దగ్గర.

ఇన్ని లాభాలున్నా మేజర్ లీగ్ బ్యాటర్లలో ఈ విద్య వచ్చినవాళ్లు ఇంచుమించు పదిమందికి ఒకరు. 1965లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేసుల దగ్గర కాపుకాసే నలుగురికి నలుగురూ వీళ్లే కావడం ఇప్పటికీ చెప్పుకుంటారంటే, అది ఎంత అరుదో ఊహించుకోవచ్చు.

కారణం తెలిసినప్పుడు నాకు ఈ ఆటగాళ్ల మీద గౌరవం రెట్టింపైంది. వీళ్లలో ఎక్కువమంది పుట్టుకతో కుడిచేతివాళ్లు. కానీ పిచర్లలోనూ ఎక్కువమంది కుడిచేతివాళ్లే. దాంతో సీజన్‌లో ఎక్కువగా, నేర్చుకున్న ఎడమ వాటంతోనే ఆడాల్సి వస్తుంది. పుట్టుకతో వచ్చిన వాటానికి పని తగ్గి తుప్పు పడుతుంది. వారం రోజులు ఒక్క ఎడమచేతి పిచరూ ఎదురుపడకపోయినా, ప్రాక్టీసులో రెండో వైపు కూడా కొట్టి తీరాలి. పాదం ఎత్తే అదను, నడుము తిరిగే తీరు, కింద ఉన్న చేతి పట్టు, అన్నీ అద్దంలో తిరగేసినట్టు మారిపోతాయి. ఒక వైపు కుదురుకునేసరికి రెండో వైపు దారి తప్పుతుంది. మానుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పట్లో బాల్టిమోర్‌కు ఆడిన సెడ్రిక్ మలిన్స్ కుడి వాటాన్ని వదిలేసి 2021లో ఎడమ వైపు నుంచే ఆడాడు. ఆ ఏడాది 30 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి, 30 బేసులు దొంగిలించాడు, అంటే బ్యాటర్ కొట్టేదాకా ఆగకుండా పరుగెత్తి తర్వాతి బేస్ చేరాడు. ఆ నిర్ణయాన్ని ఓటమి అనడం నాకు ఇష్టం లేదు.

నిలిచినవాళ్ల వెనక చాలాసార్లు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ఓక్లహోమా రాష్ట్రంలోని కామర్స్ అనే చిన్న గనుల ఊళ్లో మట్ మాంటిల్ గనిలో పని ముగించుకుని వచ్చి కొడుక్కి బంతులు విసిరేవాడు. తాత కూడా వచ్చి నిలబడేవాడు. ఒకరిది కుడిచెయ్యి, ఒకరిది ఎడమచెయ్యి. విసిరే మనిషి మారినప్పుడల్లా పిల్లవాడు వాటం మార్చాలి. ఆ పిల్లవాడే మికీ మాంటిల్. జీవితంలో 536 హోమ్ రన్లు కొట్టాడు. స్విచ్ హిట్టర్లలో ఆ లెక్కను ఇంకెవరూ అందుకోలేదు.

అతను 1961లో ఒక్క సీజన్‌లో కొట్టిన 54 హోమ్ రన్లు కూడా స్విచ్ హిట్టర్ల రికార్డుగా 64 ఏళ్లు నిలిచాయి. 2025లో సియాటిల్ క్యాచర్ కాల్ రాలీ 60 కొట్టి దాన్ని దాటాడు. అతనికి చిన్నప్పుడు రెండు వాటాలూ నేర్పింది తండ్రే. ఆ జూలైలో అట్లాంటాలో జరిగిన హోమ్ రన్ల పోటీ ‘హోమ్ రన్ డెర్బీ’లో కాల్ రెండు వైపులా నిలబడి కొట్టి గెలిచాడు. బంతులు విసిరింది నాన్న, వెనక పట్టింది తమ్ముడు.