అతుకు వినపడకుండా

శివరాత్రి జాతరకు రెండు రోజుల ముందు, గుడి దగ్గరి కొబ్బరికాయల దుకాణాయన మా రిపేరు షాపుకొచ్చి, "సన్నాయి ఆగకుండ మోగాలె, మాటిమాటికి టేపు తిప్పుడు నాతోని కాదు" అన్నాడు. స్పూలు టేపు ముక్క కోసి, రెండు కొసలూ అంటించి, గుండ్రంగా తిరిగేలా పెట్టాను. మోగింది. కానీ చుట్టు తిరిగినప్పుడల్లా 'టక్' మని చప్పుడు. నేను నిలువుగా కోశాను. ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం తగ్గుతుండగా ఇంకొకటి పెరుగుతూ వస్తుందని, చెవికి గతుకు తగలదని తర్వాతెప్పుడో తెలిసింది.

నా చేతిలో ఉన్న ఈ పుస్తకం సూపర్ ఫ్యామికామ్ అనే ఆటల పెట్టెలో శబ్దాలు కూర్చడం గురించి. దీన్ని రాసిన సిరిసిల్ల అబ్బాయి అందులో అదే 'టక్'తో కుస్తీ పట్టాడు. 1990లో జపాన్‌లో విడుదలైన ఆ పెట్టె నా బల్లమీదికి ఎన్నడూ రాలేదు. వచ్చినవన్నీ దాని అన్నగారు ఫ్యామికామ్‌కు నకళ్లే. సూపర్ ఫ్యామికామ్ శబ్దపు చిప్పును రూపొందించింది సోనీలో పనిచేసిన కెన్ కుతరాగి. ఎనిమిది గొంతులు, అన్నిటికీ కలిపి 64 కిలోబైట్ల మెమరీ. సెకనుకు 32,000 శాంపిళ్లు. పదహారింటిని తొమ్మిది బైట్లలోకి కుదించి దాచినా ఒక్క సెకనుకు 18,000 బైట్లు పోతాయి. మూడున్నర సెకన్లకే గిన్నె నిండిపోతుంది, ప్రోగ్రాము కూడా అందులోనే ఇమడాలి. డప్పు దెబ్బ మోగి ఆరిపోతుంది కనుక దానికి చింత లేదు. ఊపిరి బిగబట్టి లాగే సన్నాయికి మాత్రం చిన్న ముక్కనే తిప్పితిప్పి వాయించక తప్పదు.

తిప్పే ముక్క పదహారేసి శాంపిళ్ల గడులకు సరిగ్గా కుదరాలి. సెకనుకు 440 సార్లు కంపించే స్వరంలో ఒక్కో కంపనం దాదాపు 72.7 శాంపిళ్లు, ఏ గడిలోనూ ఒదగదు. పదకొండు కంపనాలు కలిపితే సరిగ్గా 800, అంటే 50 గడులు, 450 బైట్లు. సాంచాల మీద తెగిన పోగును ముడివేసి, గుడ్డలో ముడి కనపడకుండా చేసే ఊళ్లో పుట్టినవాడికి ఈ లెక్క తట్టడం వింతేమీ కాదు.

అయినా 'టక్' పోలేదట. ఎందుకో చెప్పిన అధ్యాయమే ఈ పుస్తకానికి ప్రాణం. కుదింపు విప్పేటప్పుడు చిప్పు వెనకటి ఒకటి రెండు శాంపిళ్లను చూసి తర్వాతిదాన్ని అంచనా కడుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు వెనకున్నవి వేరు, చివరినుంచి దూకి వచ్చినప్పుడు వెనకున్నవి వేరు. అందుకని మళ్లీ మొదలయ్యే గడిని, వెనక్కి చూడని సున్నా నంబరు ఫిల్టరుతో రాయాలి. ఆఖరి గడి మొదటి బైటులో రెండు బిట్లుంటాయి. ఒకటి 'అయిపోయింది' అంటే రెండోది 'మళ్లీ మొదలుపెట్టు' అంటుంది. ఆ రెండోదాన్ని మరిచామా, గొంతు మూగబోతుంది.

ఒక్క లోటు చెప్పాలి. ప్రతిధ్వనిని రెండు పేజీల్లో తేల్చేశాడు. అది ప్రతి 16 మిల్లీసెకన్ల ఆలస్యానికి 2 కిలోబైట్ల చొప్పున ఆ చిన్న గిన్నెలోంచే తింటుందని గట్టిగా హెచ్చరించాల్సింది. వచ్చే ముద్రణలో సరిచేస్తానన్నాడు.

మొన్న ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టి సన్నాయి వినిపించాడు. కళ్లు మూసుకుని అతుకు కోసం వెతికాను. దొరకలేదు. మళ్లీ పెట్టమన్నాను.