తూలనివ్వండి

మన ఇళ్లలో రోగి మీద ప్రేమంటే మంచం దిగనివ్వకపోవడం. నీళ్లు మంచం దగ్గరికే, కలిపిన అన్నం మంచం దగ్గరికే. కాలు కింద పెడితే చాలు, "ఎందుకు లేచావు, పిలిస్తే రామా?" అని కేక. జ్వరానికీ, కాన్పుకీ, విరిగిన కాలికీ అదే సేవ. కొన్ని జబ్బుల్లో ఈ ప్రేమ వల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. ఎకోస్టిక్ న్యూరోమా ఆపరేషన్ చేయించుకున్న మనిషికి మాత్రం ఉంటుంది. మా వదినకు ఆ ఆపరేషన్ జరిగాక, ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలోని సుక్మాలో మా ఇంటిల్లిపాదీ రోగిని చూసుకునే పనిని మళ్లీ అ ఆల నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. మేం వద్దనేవన్నీ ఆమెకు కావాలి, ఏం ఫరవాలేదనేవన్నీ ఆమెకు కూడదు.

జబ్బు సంగతి ముందు చెబుతాను. చెవి నుంచి మెదడుకు వెళ్లే ఎనిమిదో నరంలో ఒక పాయ వినడానికి, ఇంకో పాయ ఒంటి నిలకడకు. నిలకడ పాయ మీది తొడుగు కణాలు పెరిగి కణితి కడితే అదే ఇది. క్యాన్సర్ కాదు. ఏడాదికి లక్షమందిలో దాదాపు ఒకరికి బయటపడుతుంది. ఒక చెవి మందగించడం, అందులో హోరు, నడకలో చిన్న తూలు, ఇవే మొదటి గుర్తులు. వదినకు కళ్లు తిరుగుతున్నాయంటే ఒక డాక్టరు దానికి మాత్రలే రాస్తూ పోయారు. చెవి పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. కణితి చిన్నదైతే ఏటా ఎమ్మారై తీసి గమనిస్తూ ఊరుకోవచ్చు, చాలావాటిలో ఏళ్ల తరబడి ఎదుగుదలే ఉండదు. మధ్యరకం వాటికి గామా నైఫ్ లాంటి రేడియేషన్ ఉంది. మూడు సెంటీమీటర్లు దాటి మెదడు కాండాన్ని నొక్కుతుంటే కత్తి తప్పదు. వదినది అలాంటిదే.

అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ ఈ కణితుల మీద 1917లో పెద్ద గ్రంథమే రాశాడు. ఆ కాలంలో రోగి ప్రాణంతో బయటపడటమే గొప్ప. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అనే చెవి వైద్యుడు (పళ్ల డాక్టరుగా చదువు మొదలుపెట్టినవాడు) ఆపరేషన్‌కు మైక్రోస్కోపు తెచ్చాక, కణితికి ఆనుకుని ఉండే ఏడో నరాన్ని కాపాడటం వీలైంది. ముఖాన్ని కదిలించేది ఆ నరమే. కాపాడినా అది కొన్నాళ్లు అలగవచ్చు. హాలీవుడ్ నటుడు మార్క్ రఫలోకు 2001లో ఈ ఆపరేషన్ జరిగింది. ముఖం ఒక పక్క చచ్చుబడి నెలల తర్వాత తిరిగి వచ్చింది, ఎడమ చెవి మాత్రం పోయింది. ఆ సంగతి చెబితే వదిన, "ఆయన సినిమాలు వదిలేశాడా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే నేను నా కొట్టు వదలక్కర్లేదు" అంది.

ఎక్కడ చేయించాలన్న చర్చలో మా అన్నయ్య లెక్క డబ్బుది, నాది ఘాట్‌లది. తల తిరిగే మనిషికి మలుపుల రోడ్డు నరకం. రాయ్‌పూర్ వెళ్లాలంటే జగదల్‌పూర్ చేరేలోపల దర్భా ఘాట్, ఆ పైన కేశ్‌కాల్ ఘాట్. విశాఖ దారిలోనూ కొండలే. కోంటా మీదుగా భద్రాచలం, అక్కడి నుంచి కొత్తగూడెం, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్: ఈ దారి ఒక్కటే కాస్త చదును. అందుకే హైదరాబాద్. జగదల్‌పూర్‌కు 2020 నుంచి విమానం ఉంది కదా, తిరిగొచ్చేటప్పుడు అందులో రావచ్చా అని సర్జన్‌ను అడిగాం. పుర్రె తెరిచినప్పుడు లోపల కొంత గాలి చిక్కుకుంటుందట, అది ఇంకిపోయి తాము సరేననేదాకా విమానం వద్దన్నారు. ఖర్చు సంగతి: ఆయుష్మాన్ కార్డు కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది, జాబితాలో ఉన్న ఆసుపత్రైతే పక్క రాష్ట్రంలోనూ చెల్లుతుంది. ఈ ఆపరేషన్‌కు అక్కడ అనుమతి వస్తుందో లేదో చేరకముందే కాగితం మీద తేల్చుకోండి. చేరాక కౌంటర్ దగ్గర వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

వెళ్లేముందు చేయాల్సిన పనుల్లో బస్తర్ మనుషులకు ముఖ్యమైనది సికిల్ సెల్ పరీక్ష. ఈ రక్తపు జబ్బు మా ప్రాంతంలో, ముఖ్యంగా ఆదివాసీ కుటుంబాల్లో ఎక్కువ. గంటల తరబడి మత్తులో ఉండే ఆపరేషన్‌లో ఒంట్లో నీళ్లు తగ్గినా, చలి పట్టినా, ఆక్సిజన్ తగ్గినా ఆ రక్తం మొరాయిస్తుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు జాగ్రత్తపడతారు. సికిల్ సెల్ నిర్మూలన కోసం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ కార్యక్రమం మొదలైంది గనక పరీక్ష ఇప్పుడు దగ్గరలోనే దొరుకుతోంది. తర్వాతిది గుడాఖు. పళ్లకు రాసుకునే ఆ పొగాకు ముద్దను ఇక్కడ చాలామంది ఆడవాళ్లు పొగాకు కిందే లెక్కపెట్టరు. డాక్టరు "పొగాకు అలవాటుందా?" అంటే లేదనేస్తారు. పేరు పెట్టి చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి.

ఇంకో పని ఖర్చులేనిది. ఆపరేషన్‌కు ముందు ఆ మనిషి నవ్వుతూ, కళ్లు గట్టిగా మూస్తూ, బుగ్గలు పూరిస్తూ ఉండగా ఫోనులో వీడియో తీయండి. తర్వాత ముఖం ఎంత తిరిగొచ్చిందో పోల్చడానికి డాక్టరుకూ ఫిజియోథెరపిస్టుకూ అదే ఆధారం. వదినను నవ్వమంటే కొంగు అడ్డం పెట్టుకుని, "ఏంటయ్యా మరిదీ, పెళ్లిచూపులా?" అంది. ఆ వీడియోలో ఆమె నిజంగానే నవ్వుతోంది.

ఇల్లు సర్దడం నా వంతు. మంచాన్ని తిప్పి వేశాం. వినపడని చెవి గోడ వైపు, వినపడేది గుమ్మం వైపు. వంటింట్లో నేల మీది డబ్బాలు, బియ్యం తపేలా, ఉప్పు జాడీ అన్నీ నడుము ఎత్తుకు చేరాయి. పెరట్లో బాత్రూం దాకా వెదురు బొంగులతో చేతికి ఆసరా కట్టాం. బస్తర్‌లో వెదురుకు కరువేముంది! లోపల ఒక ముక్కాలిపీట. ఇది ఎందుకో రాయాలి. చెవిలోని తూకం, కంటిచూపు, పాదాలకు తెలిసే నేల: ఈ మూడింటితోనే మనిషి నిలబడతాడు. మొదటిది ఒక పక్క పోయింది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే రెండోదీ పోతుంది. తడి నేల మీద మూడోదానికీ పట్టు ఉండదు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు పడేది ఎక్కువగా స్నానం దగ్గరా, చీకట్లోనూ. కూర్చుని స్నానం, దిండు కింద టార్చి. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

ఆపరేషన్ పగలంతా పట్టింది. బయటికొచ్చాక చెవి వెనక కట్టుతో పాటు పొట్ట మీదా కట్టు చూసి అమ్మ గాభరా పడింది. పుర్రెలో తెరిచిన చోటు పూడ్చడానికి పొట్ట కొవ్వు కొంచెం తీసి వాడతారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే పెద్దవాళ్ల ప్రాణం కుదుటపడుతుంది.

ఇంటికొచ్చిన రోజు నుంచి అసలు పని. వదిన లేచి రెండడుగులు వేస్తే పడవ మీద నిలబడ్డట్టు ఊగేది. అమ్మ పరుగున వచ్చి పట్టుకునేది, "పడుకో తల్లీ" అని. "అత్తయ్యా, పడితే పడతాను గానీ వదలండి" అనేది వదిన. వదినదే సరైన మాట. ఒక పక్క తూకం పోయినప్పుడు మిగిలిన రెండో చెవితో, కళ్లతో, పాదాలతో మెదడు కొత్త లెక్క కట్టుకుంటుంది. తూలితేనే దానికి తప్పు తెలుస్తుంది, తెలిస్తేనే దిద్దుకుంటుంది. పడుకోబెడితే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. కళ్లు తిరగకుండా ఇచ్చే మాత్రలూ అంతే, మొదటి కొద్దిరోజులు సరే, నెలల తరబడి మింగితే ఆ నేర్పును ఆలస్యం చేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు వైద్యులు తలకు గాయమైన సైనికుల కోసం ఇందుకే వ్యాయామాలు రూపొందించారు. బొటనవేలిని కళ్ల ముందు పెట్టుకుని చూపు దాని మీదే నిలిపి తలను ఇటూ అటూ తిప్పడం, నడుస్తూ పక్కలకు చూడటం లాంటివి. కళ్లు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టూ ఉంటుంది. అయినా చేయాలి. మా పని ఆమెను పట్టుకోవడం కాదు, చెయ్యి అందే దూరంలో నడవడం. ఆ చెయ్యి చాచకుండా ఉండటం అమ్మకు ఎంత కష్టమైందో చూశాను.

కొన్ని వారాల తర్వాత వారపు సంతకు తీసుకెళ్లాను. ఎగుడుదిగుడు నేల, అటూ ఇటూ మనుషులు, చింతపండు కుప్ప నుంచి కోడిపుంజు దాకా తల తిప్పి చూడాల్సినవెన్నో. ఇంతకన్నా మంచి ఫిజియోథెరపీ గది సుక్మాలో లేదు. కానీ ఒంటి చెవితో ఆ గోలలో మాటలు విడిపడవు, శబ్దం ఏ దిక్కు నుంచో తెలియదు. లారీ హారన్ ఎడమ నుంచి వస్తే ఆమె కుడి వైపు చూసేది. మా రోడ్డు జాతీయ రహదారి 30. అందుకని ఆమె వినపడని పక్కన ఎప్పుడూ ఒకరం నడిచేవాళ్లం.

సుక్మా వాళ్లకు మాత్రమే చెప్పాల్సిన మాట ఒకటుంది. తూలే నడకను జనం తాగుడు అనుకుంటారు, అది అవమానంతో పోతుంది. భద్రతా దళాల క్యాంపు ముందో, తనిఖీ నాకా దగ్గరో "రుకో" (ఆగు) అన్న కేక వినపడని చెవి వైపు నుంచి వస్తే? మా జిల్లాలో అది అవమానంతో ఆగకపోవచ్చు. ఒక చెవి వినపడదనీ, నడక తూలుతుందనీ డాక్టరు చేత హిందీలో రాయించి ఆ కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచండి. ఒంటరిగా లోపలి రోడ్ల మీద పంపకండి.

ఇక కూడనివి. వంగడం, బరువెత్తడం, ముక్కడం, ముక్కు గట్టిగా చీదడం. తల లోపలి నీటి ఒత్తిడి పెరిగితే కుట్టిన చోటు నుంచి ఆ నీరు కారవచ్చు. నీళ్ల బిందె నెత్తికెత్తడం, కట్టెలమోపు, తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడం, తునికాకు కోత, మా వైపు పని అంతా వంగుడే. ఆ ఏడు ఆ పనులు వేరేవాళ్లు చేయాలి. మలబద్ధకం రాకుండా ఇసబ్‌గోల్, వీలైతే కూర్చునే కమోడ్ కుర్చీ. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. నదిలో మునక వద్దు. తూకం దెబ్బతిన్న మనిషికి నీటి అడుగున పైకి ఏదో కిందికి ఏదో తెలియకపోవచ్చు, శబరి లోతు మనకు తెలిసిందే.

కన్ను అన్నిటికన్నా ముఖ్యం. వదిన ముఖం ఎడమ పక్క జారి, రెప్ప పూర్తిగా మూతపడలేదు. మూతపడని కంట్లో కన్నీళ్లూ తగ్గుతాయి, స్పర్శా తగ్గవచ్చు. దుమ్ము పడినా తెలియదు, నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు. పగలు గంటగంటకూ చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పను టేపుతో అతికించడం, బయటికెళ్తే పక్కలు మూసిన కళ్లద్దాలు. కట్టెపొయ్యి పొగలోకి రానివ్వకూడదు. మూతి వంకర చూసి పక్షవాతమని పసరు తెచ్చినవారున్నారు, దేవుడు పూనే సిర్హా దగ్గరికి పదమన్నవారున్నారు. దేవగుడికి వెళ్లి దండం పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. చెవిలో, ముక్కులో మాత్రం పసరు గానీ కాచిన నూనె గానీ ఒక్క చుక్క పోయనివ్వొద్దు. ముఖ నరం రోజుకు ఒక మిల్లీమీటరు లెక్కన, మహా నెమ్మదిగా తిరిగి పెరుగుతుంది. పెరిగేటప్పుడు దారి తప్పడమూ ఉంటుంది. లాలాజలానికి వెళ్లాల్సిన తీగ కంటికి చేరి, అన్నం నములుతుంటే కన్నీళ్లు వస్తాయి. వదిన కంచం ముందు కన్నీళ్లు పెడుతుంటే అమ్మ తన వంట రుచి చూసుకునేది. ఇప్పుడు ముఖం చాలావరకు సర్దుకుంది. చెవి రాలేదు, రాదు. కొట్లో గల్లాపెట్టె వినపడే కుడి పక్కకు మారింది, అంతే.

చివరిగా జ్వరం. బస్తర్‌లో జ్వరమంటే మలేరియా. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచీ ఊరూరా పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్తలు, మితానిన్ అక్కలు, చుక్క రక్తంతో పరీక్ష చేస్తారు, చేయించండి. కానీ ఆపరేషన్ అయిన మనిషికి అక్కడితో ఆగకండి. జ్వరంతో తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ముందుకు వంగితే ముక్కు నుంచి నీళ్లలాంటి ధార, గొంతులో ఉప్పన, తెల్లారి దిండు తడి: వీటిలో ఏది కనిపించినా తల లోపలి నీరు కారుతుండవచ్చు, లేదా మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆపరేషన్ అయి వారాలు గడిచాకైనా రావచ్చు. మలేరియా పరీక్షలో ఉందన్నా లేదన్నా సరే, రేపటి బస్సు కోసం ఆగకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోను చేసి, అదే రోజు పెద్దాసుపత్రికి బయల్దేరండి.