రెండు చుక్కల కొలత

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో కంటికి పొర వచ్చిన పెద్దవాళ్లు ఆపరేషన్‌కు బయల్దేరేముందు రెండే అడుగుతారు: డాక్టరు మంచోడేనా, లెన్స్ మంచిదేనా? చివర్లో కంట్లోకి ఎక్కించే యాంటీబయాటిక్ సంగతి ఎవరికీ తట్టదు. దాన్ని చాలాచోట్ల కలిపేది పక్క బల్ల దగ్గరి నర్సు.

మందు అక్కర్లేదని కాదు. 2007 నాటి యూరప్ అధ్యయనంలో సెఫురాక్సిమ్ అనే యాంటీబయాటిక్ వేసిన కళ్లలో ఇన్‌ఫెక్షన్ ముప్పు దాదాపు అయిదో వంతుకు పడిపోయింది. అరవింద్ ఆస్పత్రులు 6 లక్షలకు పైగా ఆపరేషన్లను పరిశీలిస్తే, మాక్సిఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో ఇన్‌ఫెక్షన్ రేటు 0.07 నుంచి 0.02 శాతానికి దిగింది.

చిక్కంతా కలపడంలోనే. కంటికి కావలసింది 0.1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము సెఫురాక్సిమ్. సీసాలో ఉండేది నరానికి ఎక్కించే లెక్కలో 750 మిల్లీగ్రాముల పొడి. దాన్ని సెలైన్‌తో 7.5 మిల్లీలీటర్లు చేసి, అందులో 1 మిల్లీలీటరు తీసి, ఇంకో 9 మిల్లీలీటర్ల సెలైన్ కలపాలి. రద్దీలో ఈ రెండో విడత మరిచిపోతే కంట్లోకి పది రెట్ల మందు పోతుంది. సిరంజిలో ఉన్నది రెండు చుక్కలే, చూసి తేడా పట్టడం కష్టం.

మోతాదు బాగా మించితే రెటీనా ఉబ్బుతుంది, కార్నియా లోపలి కణాలు దెబ్బతింటాయి. ఆ కణాలు మళ్లీ పుట్టవు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ మరీ ప్రమాదం: ఎక్కువైతే రెటీనా నడిమి భాగమైన మాక్యులాకు రక్తం అందక చూపు శాశ్వతంగా పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో శుక్లం ఆపరేషన్ తర్వాత కొందరి కన్ను పోయింది. అక్కడ తప్పు మోతాదుది కాదు, వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణంలో బ్యాక్టీరియా బయటపడింది. అయినా కత్తి పట్టిన చెయ్యి ఎంత బాగున్నా, సీసాలోంచి వచ్చినదే కన్ను తీయగలదని తెలుగువాళ్లకు తెలిసింది అప్పుడే.

విరుగుడు ఉంది. యూరప్‌లో 2012లోనే సెఫురాక్సిమ్ 50 మిల్లీగ్రాముల సీసా వచ్చింది. 5 మిల్లీలీటర్ల సెలైన్ పోస్తే చాలు, రెండో విడత లేదు. కంటికోసమే తయారైన మాక్సిఫ్లాక్సాసిన్‌ను మన పక్కనే మదురైలో ఆరోల్యాబ్ చేస్తోంది. కంటి ఆపరేషన్ క్యాంపులకు టెండరు పిలిచే అధికారులు ధర చూసి దీన్ని పక్కన పెట్టకూడదు. పొడి కలపక తప్పని చోట, ఒకరు కలిపితే ఇంకొకరు పైకి చదివి సరిచూడాలి.

డిశ్చార్జి చీటీ మీద లెన్స్ స్టిక్కరు అంటిస్తారు కదా, దాని కిందే ఇంజక్షన్ పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు కూడా రాసివ్వాలి. మర్నాడు పట్టీ విప్పాక చూపు మసకగా ఉంటే అచ్చంపేట నుంచి తిరిగొచ్చే ముసలమ్మ చేతిలో డాక్టరుకు చూపించడానికి ఆ చీటీ ఉంటుంది.