తాడు వదిలిన పాట

ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, ఫాల్మత్ అనే రేవుపట్నం ఉంది. జూన్ నెలలో అక్కడ నీటిమీద పాతకాలపు తెరచాప పడవలు బారులు తీరుతాయి; ఒడ్డున షాంటీల ఉత్సవం జరుగుతుంది. షాంటీలంటే ఓడకూలీల పాటలు. సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడే పడవల సంస్థకు ఆ సందర్భంలో చందాలు కూడా పోగవుతాయి. మంచిదే. ఆ పాటల రికార్డులు నేను చాలా విన్నాను. బాగున్నాయి. అంత బాగుండడంతోనే నాకు పేచీ.

షాంటీ వినోదానికి పుట్టలేదు. బరువైన తెరచాప పైకి లేవాలంటే పది చేతులు ఒకే క్షణంలో మోకును లాగాలి. ఒకడు చరణం ఎత్తుకుంటాడు. తక్కినవారు పల్లవి అందుకుంటారు. పల్లవిలో ఊనిక ఎక్కడ పడుతుందో అక్కడే లాగుతారు. మన పడవవాళ్ల ‘హైలెస్సా’ ఎరిగినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. బ్రిటిష్ నౌకాదళంలో పనివేళ ఇలాంటి పాటలకు సాధారణంగా అనుమతి ఉండేది కాదు. అక్కడ మనుషులు దండిగా ఉండేవారు. లాభంకోసం సిబ్బందిని కుదించిన వర్తకపు ఓడల్లోనే పాట అవసరపడింది.

చరణాలకు లెక్క లేదు. చాప పైకి చేరేదాకా పాట సాగాలి. చేరిందని మేటు కేకవేస్తే సగం చరణంలోనైనా ఆగాలి. అందుకే పాడేవాడు అప్పటికప్పుడు కల్పించేవాడు: పాచిపోయిన తిండి, కెప్టెన్ పిసినారితనం, చేతికి రాని జీతం. మామూలుగా అంటే శిక్షపడే మాటలు పాటలో చెల్లిపోయేవి, పని సాగుతున్నది గనుక. వేదికమీద అదే పాటకు నాలుగు నిమిషాలు, కుదురైన స్వరమేళనం, చివర చప్పట్లు. ఆపవలసిన కారణం పాటకు వెలుపల ఏదీ లేదు; చరణాలు గడ్డకట్టాయి. కెప్టెన్‌ను తిట్టే చరణం ఇప్పుడెవరినీ తిట్టడం లేదు.

ఇందుకు గాయకులనే తప్పుపట్టలేం. సెసిల్ షార్ప్ 1914లో ప్రచురించిన సంకలనానికి చాలా పాటలు ఇచ్చినవాడు వాచెట్ రేవుకు చెందిన వృద్ధనావికుడు జాన్ షార్ట్. పాట పుస్తకమెక్కడంతోనే నిలబడిపోయింది. 1929లో బద్దలైన గార్త్‌పూల్ ఓడలో స్వయంగా పనిచేసిన స్టాన్ హ్యూగిల్ సైతం 1961లో తన పెద్ద సంపుటిని తెచ్చినప్పుడు మోటు చరణాలను మార్చక తప్పలేదు.

నన్ను మరింత బాధించేది ‘వారసత్వం’ అన్న మాట. ఎవరి వారసత్వం? 19వ శతాబ్దంలో మొబైల్, న్యూ ఆర్లీన్స్ రేవుల్లో దూదిబేళ్లను మరలతో ఓడగర్భంలో కుక్కిన నల్లజాతి కూలీల పాటలు ఈ గానానికి ఒక పెద్ద ఊట. ఉత్తర కెరొలైనాలో నల్లజాతి జాలరులు 1950ల దాకా పాడుతూ వలలు లాగారు. యంత్రం వచ్చి ఆ నోళ్లు మూయించింది. ఈ ఊట మాటెత్తకుండా చారల చొక్కాలు తొడిగి పాడితే, అదంతా ఒక్క తీరంవాళ్ల తాతల ఆస్తిగా కనిపిస్తుంది.

అయితే ఫాల్మత్‌లోనే నా వాదానికి అడ్డుతగిలే వస్తువొకటి ఉంది. ఫాల్ నదీముఖంలో ఇంజన్ నడిపి ఆల్చిప్పలు పట్టడం నిషిద్ధం. అక్టోబరు నుంచి మార్చి దాకా తెరచాపతోనో తెడ్లతోనో పట్టాలి. ఆ నిబంధన పాతదనంమీది మోజు కాదు. చిప్పలు అడుగంటకుండా పెట్టుకున్న కట్టుబాటు. అందుచేత అక్కడి పడవల్లో కొన్ని వేసవిలో పందేలకూ చలికాలంలో కూటికీ వెళతాయి. వాటి చాపకు అతుకు పడితే అది అలంకారం కాదు. ఉత్సవంలో నేను వెతికేది ఆ పడవనే. దాన్ని వేదిక పక్కన నిలిపి, ఫలానా పాట ఏ తాడుకు పుట్టింది, ఎవరు లాగారు, నెలకెంత ఇచ్చారు అని నిర్వాహకులు రెండు ముక్కలు చెబితే, జనం పల్లవి అందుకోవడం మానరు.