వర్గ ప్రమేయం: శీర్షం నుంచి చూస్తే

చలరాశి అత్యధిక ఘాతం రెండయితే ఆ ప్రమేయాన్ని వర్గ ప్రమేయం అంటారు. దాని గ్రాఫు పరావలయం. ఎక్స్² గుణకం ధనాత్మకమైతే వక్రం పైకి తెరుచుకుంటుంది, రుణాత్మకమైతే కిందికి. గుణకం పరిమాణం పెరిగేకొద్దీ వక్రం ఇరుకవుతుంది.

తెలంగాణలో పదో తరగతి విద్యార్థి ఈ వక్రాన్ని బహుపదుల పాఠంలో, శూన్యాలు వెతుకుతూ చూస్తాడు. నాంపల్లిలోని ఇంటర్మీడియెట్ బోర్డు పాఠ్యక్రమంలో చాలా ఏళ్లుగా వర్గ సమాసాలు గణితం 2ఎలో, పరావలయం 2బిలో ఉన్నాయి. రెండూ ఒకటేనన్న సంగతి ఆ ఎడంలో మరుగున పడిపోతుంది. పైగా పరీక్ష కోసం మూలాల సూత్రం ముందు కంఠస్థమవుతుంది. నిజానికి ముందు చూడవలసింది వక్రం మలుపు తిరిగే శీర్షాన్ని.

ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాల అంగళ్లు వెలుస్తాయి. అక్కడ ఒక వ్యాపారి 100 రూపాయల చొప్పున రోజుకు 40 పుస్తకాలు అమ్ముతాడనీ, ధర 10 రూపాయలు పెంచిన ప్రతిసారీ రెండు పుస్తకాలు తక్కువ పోతాయనీ అనుకుందాం. ఎక్స్ సార్లు పెంచితే రాబడి (100 + 10ఎక్స్)(40 – 2ఎక్స్), అంటే 4000 + 200ఎక్స్ – 20ఎక్స్². వర్గాన్ని పూర్తిచేస్తే ఇదే 4500 – 20(ఎక్స్ – 5)² అవుతుంది. వర్గం ఎన్నడూ సున్నా కంటే తగ్గదు కనుక రాబడి 4500 దాటదు. ఎక్స్ 5 అయినప్పుడు, అంటే 150 రూపాయల ధరకు 30 పుస్తకాలు అమ్మినప్పుడు ఆ గరిష్ఠం దక్కుతుంది. శీర్షం (5, 4500).

శీర్షం గుండా పోయే నిలువు గీత సౌష్ఠవాక్షం. దానికి అటూ ఇటూ సమాన దూరంలో విలువలు సమానం. ధర పెంచకపోయినా, పదిసార్లు పెంచి 200 చేసినా రాబడి 4000 రూపాయలే. గ్రాఫు నిలువు అక్షాన్ని తాకే చోటు కూడా 4000, అది స్థిరపదం.

ఇక మూలాలు. రాబడిని సున్నా చేసి 20తో భాగిస్తే ఎక్స్² – 10ఎక్స్ = 200. ప్రాచీన గణితవేత్త శ్రీధరుడి పద్ధతి ఇక్కడ హాయిగా పనిచేస్తుంది. ఆయన బీజగణితం దొరకకపోయినా భాస్కరాచార్యుడు ఈ నియమాన్ని ఉదహరించడం వల్ల అది మనకు దక్కింది. ఇరువైపులా వర్గపదం గుణకానికి నాలుగు రెట్లతో గుణించి, మధ్యపదం గుణకం వర్గాన్ని కలపాలి. 4ఎక్స్² – 40ఎక్స్ + 100 = 900, అంటే (2ఎక్స్ – 10)² = 900. మూలాలు 20, –10. భిన్నాల బెడద లేకుండా వర్గం పూర్తవడమే దీని గొప్ప. రెండు మూలాల సగటు 5, మళ్లీ సౌష్ఠవాక్షమే.

రోజుకు 5000 రావాలంటే? ఎక్స్² – 10ఎక్స్ + 50 = 0. విచక్షణి (మూలాల సూత్రంలో వర్గమూలం కింద ఉండే రాశి) 100 – 200, అంటే –100. అడ్డంగా గీసిన 5000 గీతను వక్రం అందుకోలేదు. 4500 గీతకైతే విచక్షణి సున్నా, ఒక్క చోట తాకుతుంది. అంతకు తక్కువైతే రెండు చోట్ల ఖండిస్తుంది. రుణసంఖ్య వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన.