తోమకండి, పేరు పోతుంది

నాణెం చేతికి రాగానే ముందు అడగాల్సింది దాని వయసు కాదు, ఊరు. ఎక్కడ దొరికింది? ఏ చెల్కల, ఏ కట్ట కింద, ఎంత లోతుల? బీబీపేటలో నాకు నాణేలు చూపించడానికి వచ్చేవాళ్ళకు ఈ ప్రశ్నలు నచ్చవు. వాళ్ళు అడిగేది ఒకటే: "సార్, గిది ఎంతకు పోతది?"

ఎక్కువగా వచ్చేవి నిజాం కాలపు పైసలే. ఒక్కోసారి చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి వస్తుంది. ఇంకోసారి ఒకవైపు దేవుడి బొమ్మ, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అని ఉన్న బిళ్ళ వస్తుంది. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. అయినా దానికి బియ్యపు గింజలను లాగే శక్తి ఉందని నమ్మి లక్షలు పోగొట్టుకున్నవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు. రెండువేల ఏళ్ళ నాటి అసలు నాణెం చూపిస్తే మాత్రం వీళ్ళే పెదవి విరుస్తారు. నల్లగా, వంకరగా, గోటంత ఉంటుంది మరి.

అలాంటి గోటంత బిళ్ళలే తెలంగాణ చరిత్రకు మొదటి రాజుల పేర్లు ఇచ్చాయి. జగిత్యాల జిల్లా కోటిలింగాల, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉన్న ఊరు. వానలకు దిబ్బ కోసుకుపోయినప్పుడల్లా అక్కడ నాణేలు పైకి తేలేవి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ వాటిని ఓపికగా సేకరించి, శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రికి అందించారు. ఆ తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిపింది. బయటపడ్డ పేర్లు ఇవి: గోభద, నారణ, కంవాయ, సిరివాయ, సమగోప. వీళ్ళతోపాటు శాతవాహన వంశానికి మొదటివాడు ఛిముకుడు కూడా ఉన్నాడు.

చివరి పేరు పురాణాలకు తెలుసు. శిశుకుడు, సింధుకుడు, శిప్రకుడు అని ఒక్కో పురాణం ఒక్కో తీరుగా పిలిచింది. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో ఆయన విగ్రహం పోయినా, దాని మీద చెక్కిన 'సిముక సాతవాహన' పేరు మిగిలింది. గోభదుడి సంగతి అది కాదు. ఆయన ఏ పురాణంలోనూ లేడు. ఆ నాణేలే లేకుంటే ఆయన ఉన్నాడని మనకు తెలిసే దారే లేదు.

చదవడం ఎలాగో కొంచెం చెప్తాను, ఇష్టమైన పని కాబట్టి. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. కొట్టేవాడి చెయ్యి కాస్త పక్కకు జరిగితే సగం పేరు బిళ్ళ మీద పడదు. అందుకే ఒక్క నాణెంతో పేరు తేలడం అరుదు. ఒకదాని మీద 'రఞో' (అంటే రాజుది), ఇంకోదాని మీద 'గోభ', మూడోదాని మీద 'దస' మిగిలితే, మూడూ పక్కపక్కన పెట్టి అతకాలి. పొద్దుటి ఎండ పక్కనుంచి పడేలా బిళ్ళను మెల్లగా తిప్పాలి. నెత్తిమీది వెలుతురులో అక్షరం కనిపించదు. ఆ నాణేల మీది బ్రాహ్మి లిపిలో 'న' అంటే నిలువు గీత, దాని అడుగున అడ్డగీత. పైన ఇంకో అడ్డగీత చేరితే అదే 'ణ'. నారణుడి నాణెం పై అంచు అరిగిపోయిందనుకోండి, ఆ పై గీత పోయి 'ణ' కాస్తా 'న' అవుతుంది. రాజు పేరే మారిపోతుంది. వెంట్రుకవాసి గీత కోసం గంటలు కూర్చోవడాన్ని మా ఇంట్లో పని కింద లెక్కించరు.

ఈ రాజుల వరసను పుస్తకాల్లో పట్టికలా వేసి, ఒకరి తర్వాత ఒకరిని నిలబెడతారు. నాకు ఆ పట్టికల మీద నమ్మకం తక్కువ. సమగోపుడి తర్వాతే ఛిముకుడు వచ్చాడన్నది నాణేలను బట్టి చేసిన ఊహ, శాసనంలో రాసి ఉన్న మాట కాదు. తండ్రీకొడుకులో, అన్నదమ్ములో, పక్కపక్క ఊళ్ళను ఏలినవాళ్ళో నాణెం చెప్పదు. పేరు చెప్తుంది, ఊరు చెప్తుంది. అంతకు మించి దానితో చెప్పించబోతే అది మన మాటే అవుతుంది.

రాసిపెట్టిన చరిత్ర దండిగా ఉన్న దేశంలోనూ ఇదే గొడవ. దక్షిణ చైనాలో నాన్‌యుయె అనే రాజ్యం క్రీ.పూ. 204 నుంచి 111 దాకా నిలిచింది. ఐదుగురు రాజులు, 93 ఏళ్ళు, అంతే. మొదటివాడు జావో తువో, చిన్ సామ్రాజ్యం కూలాక సొంతంగా రాజైన సేనాపతి. క్రీ.పూ. 137లో మనుమడు గద్దెనెక్కాడు. ఆ మనుమడి పేరు 'హు' అని ఆ దేశపు మహా చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. 1983లో గ్వాంగ్‌జౌ నగరంలో ఒక గుట్టను చదును చేస్తుంటే దొంగల చెయ్యి పడని సమాధి బయటపడింది. పచ్చరాతి పలకల కవచం తొడిగిన ఆ శరీరం మీద ముద్రికలు దొరికాయి. బంగారు ముద్రిక మీద వెన్ చక్రవర్తి అనే బిరుదు ఉంది, ఇంకో ముద్రిక మీద పేరు 'జావో మో'. ఈ మో, సిమా చియెన్ రాసిన హు ఒకరేనని పండితుల్లో చాలామంది ఒప్పుకున్నారు. అదే ముద్రిక ఏ పాత సామాన్ల దుకాణంలోనో తేలి ఉంటే నకిలీ అని పక్కన పడేసేవాళ్ళు. శరీరం మీద, ఉన్నచోట ఉంది కాబట్టే చరిత్రకారుడి మాటను సరిదిద్దింది.

కోటిలింగాల దాకా ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు వచ్చాయి. అక్కడ పడవలెక్కి ఫొటోలు దిగుతున్నారు. వానకు కోసుకుపోయే ఆ దిబ్బలో కొంత నీటి కింద ఉంది. మనవైపు చెరువుల్లో పూడిక తీసినప్పుడు, జేసీబీ గడ్డ పెళ్ళగించినప్పుడు ఏం బయటపడుతుందో చూసేవాళ్ళు తక్కువ. మొన్న ఒక పెద్దమ్మ తెచ్చిన రాగిబిళ్ళ అద్దంలా మెరుస్తోంది. "చింతపండుతోని మంచిగ తోమిన బిడ్డా," అంది సంబరంగా. అంచున రెండు చుక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. పచ్చటి చిలుముతోపాటు అక్షరం కూడా పోతుందని ఆమెకు ఎవరు చెప్పారు గనుక?

అందుకని ఒక విన్నపం. మట్టిలో నాణెం దొరికితే తోమకండి, నిమ్మకాయ రుద్దకండి, కొనేవాడికి చూపించకండి. దొరికినచోటే పెట్టి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, చెల్క పేరూ తేదీ కాగితం మీద రాయండి. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెప్తోంది, అది ఇప్పటికీ అమల్లో ఉంది. తాసీల్దార్ ఆఫీసుకు వెళ్ళి కబురు చెప్పి, రసీదు అడిగి తీసుకోండి.